చెరిగిపోయే పచ్చబొట్టు

మే నెల ఎండలు ముదిరాయంటే తిరుపతి రంగు మారుతుంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు చాటింపు వేశారంటే చాలు, ఊళ్లోవాళ్లు రాత్రిపూట పొలిమేర దాటి ఉండకూడదన్నది ఆచారం. ఆ తర్వాత వారం రోజులూ వీధుల్లో ఎవరు ఎవరో గుర్తుపట్టడం కష్టమే. మొదట బైరాగి వేషం... ఒళ్లంతా నామంకొమ్ము తెలుపు. తర్వాత బండ వేషం... నిలువెల్లా కుంకుమ. ఆపైన తోటి వేషం... ఒంటికి బొగ్గుపొడి, చేతిలో వేపమండలు. దొర వేషానికి చందనం. మాతంగి వేషానికి చీర, పూలు, గాజులు. నిన్నటిదాకా మీసం మెలేసుకుని తిరిగిన మనిషి ఆ రోజు జడ వేసుకుని వస్తాడు. ఎవరూ నవ్వరు. చేతులెత్తి మొక్కుతారు.

ఇదంతా ఎందుకూ అంటే ఓ కథ చెబుతారు. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడొకడు ఉండేవాడట. వాణ్ని అంతం చేయడానికే గంగమ్మ పుట్టింది. వాడు భయపడి దాక్కున్నాడు. అతణ్ని వెతుకుతూ అమ్మవారు రోజుకో వేషం వేసింది. దొర వేషంలో వచ్చేసరికి నిజంగా దొరే వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు. దొరికిపోయాడు. అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో బోధించిన జాయిస్ ఫ్లూకిగర్ ఈ వేషాలను ఏళ్ల తరబడి గమనించి 2013లో పెద్ద పుస్తకమే తెచ్చారు. ఇక 2024 డిసెంబరులో ‘పుష్ప 2’ వచ్చాక చెప్పేదేముంది! ఒళ్లంతా నీలిరంగు పూసుకుని చీర కట్టిన అల్లు అర్జున్‌ను చూసి, గంగమ్మ జాతర అంటే ఏమిటో తెలియని ఊళ్లవాళ్లు కూడా రంగుడబ్బాలు కొన్నారు.

ఈ వేషాల్లో ఓ సౌకర్యం ఉంది. ఎంత భీకరమైన రంగైనా సాయంత్రం రెండు బక్కెట్ల నీళ్లతో పోతుంది. కాసేపు ఇంకొకరు కావాలి, మళ్లీ మనం మనం కావాలి. ఇప్పుడు కుర్రకారు ‘టెంపరరీ టాటూ’ అని మోజుపడేది కూడా ఇందుకే కదా!

పోయేవి... పోనివి

పేరు కొత్తదేగానీ సంగతి పాతదే. తిరుమలలో గుండు చేయించుకున్నవాళ్లు తలకు రాసుకునే చందనం, నుదుట అచ్చుతో దిద్దించుకునే తిరునామం... ఇవన్నీ ఒకరోజు ముచ్చట్లు. మధ్వ సంప్రదాయంలో రోజూ స్నానం కాగానే గోపీచందనంతో శంఖం, చక్రం ముద్రలు అచ్చు వేసుకుంటారు. మర్నాటి స్నానానికి అవి పోతాయి, మళ్లీ వేసుకుంటారు. అదే తొలి ఏకాదశి నాడైతే మఠాల్లో లోహపు ముద్రను వేడిచేసి ఒంటికి తాకిస్తారు. ఆ గుర్తు కొన్నాళ్లుండి మాసిపోతుంది. శ్రీవైష్ణవులు సమాశ్రయణం సమయంలో భుజాల మీద వేయించుకునే శంఖచక్రాలు మాత్రం జీవితానికి ఒక్కసారే.

మరి పచ్చబొట్టు? అది పోయేది కాదు. ఒకప్పుడు రాయలసీమ పల్లెల్లో ఎరుకల ఆడవాళ్లు గంప నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ వచ్చి పొడిచేవాళ్లు. సూదులు, దీపం మసి, ఆకు పసరు. అంతే సరంజామా. పొడిచినప్పుడు నల్లగా ఉన్నది మానాక ఆకుపచ్చగా తేలుతుంది. అందుకే ఆ పేరు.

ఒకటి పోవడానికీ ఇంకొకటి పోకపోవడానికీ కారణం చర్మంలోనే ఉంది. మన చర్మం పైపొర నిజానికి చచ్చిపోయిన కణాల పేర్పు. ఇంటి గోడ సున్నం రాలినట్టు అది రోజూ కొద్దికొద్దిగా రాలుతూనే ఉంటుంది. రెండు మూడు వారాల్లో పైపొర దాదాపుగా కొత్తదై కూర్చుంటుంది. గోరింటాకు ఆ పైపొరనే పట్టుకుంటుంది, దాంతోపాటే రాలిపోతుంది. స్టిక్కర్ టాటూ అయితే లోపలికి దిగదు కూడా. పైన అంటుకునే పల్చటి పొర, అంతే. పచ్చబొట్టు సూది మాత్రం పైపొరను దాటి కింది పొరలో రంగును వదిలి వస్తుంది. అక్కడి కణాలు ఆ రంగును మింగి పట్టుకుని కూర్చుంటాయి.

చంద్రగిరి వైపు ఓ ఇంట్లో ఈ తేడా గురించి అవ్వకూ మనవరాలికీ మధ్య ఓరోజు మాటలు నడిచాయి. అవ్వ మోచేతి కింద పచ్చబొట్టుతో తులసికోట ఉంది. మనవరాలి ముంజేతి మీద కోన్‌తో వేయించుకున్న నల్లటి తీగ.

‘‘ఏమ్మే, ఇది ఎన్నాళ్లుంటాది?’’

‘‘రెండు వారాలుంటాది అవ్వా.’’

‘‘అంతేనా! నాది కాటిదాకా వస్తాది. నగా నట్రా అన్నీ ఒలుచుకుంటారు గానీ దీన్ని ఒలిచేవాడెవడు?’’

ఆ నల్లటి తీగ కథ కాసేపట్లో చూద్దాం.

ఎరుపు ఎలా పండుతుంది?

ముందు గోరింటాకు. తెలుగువాళ్లకు ఆషాఢంతో దానికి విడదీయరాని చుట్టరికం. చిత్తూరు సరిహద్దుల్లో తమిళం మాట్లాడే ఇళ్లలో మరుదాణి అంటారు. పెరట్లో చెట్టు ఉంటే సరి, లేకపోతే పక్కింటి గోడవతల కొమ్మ ఎలాగూ ఉంటుంది. ఆకు దూసి, కాస్త చింతపండు వేసి, రోట్లో మెత్తగా నూరి, అరచేతిలో చందమామ, వేళ్లకు టోపీలు. నూరిన అమ్మ చేతులే అందరికంటే ముందు పండుతాయి. ఆమె పెట్టుకోవడానికి మాత్రం చివరికి ముద్ద మిగలదు!

ఆకులో లాసోన్ అనే పదార్థం ఉంటుంది. ఎండిన ఆకు బరువులో అది నూటికి ఒకటీ ఒకటిన్నర వంతు. అయితే చెట్టున ఉన్న ఆకు పట్టుకుంటే చెయ్యి పండదు. ఆకు నలగాలి, తడవాలి, కొంచెం పులుపు తగలాలి. అప్పుడే ఆ రంగు బయటికొస్తుంది. వచ్చి మన చర్మంలోని కెరాటిన్ అనే మాంసకృత్తును అంటిపెట్టుకుంటుంది. పూత పూసినట్టు కాదు, రసాయనికంగా ముడిపడిపోతుంది. సబ్బుతో ఎంత రుద్దినా పోకపోవడానికి కారణం అదే. చింతపండు, నిమ్మరసం వేయాలన్న పెద్దల మాటలో ఇంత సంగతి ఉంది.

తీసిన వెంటనే అరచెయ్యి నారింజ రంగులో కనిపిస్తే బెంగపడక్కర్లేదు. గాలి తగిలేకొద్దీ ముదురుతుంది. ఒకటి రెండు రోజులకు అసలు రంగు తేలుతుంది. ఇదొక్కటి తెలిసినా ఎన్నో పెళ్లిళ్లలో ఏడుపులు తప్పుతాయి. తెల్లవారి ముహూర్తమైతే ముందురోజు రాత్రి కూర్చుని పెట్టించుకోవడం మన అలవాటు. తలంబ్రాలప్పటికి అది ఇంకా నారింజలోనే ఉంటుంది. పెళ్లికి రెండు రోజుల ముందు పెట్టించుకుంటే ముహూర్తానికి నిండుగా పండుతుంది. నలుగు, వ్యాక్సింగ్ లాంటివి ఏమున్నా దానికి ముందే ముగించాలి. తర్వాత నలుగు పెడితే పండిన పైపొరనే రుద్దేసినట్టవుతుంది.

పొడితో కలుపుకునేవాళ్లు వంద గ్రాముల గోరింటాకు పొడికి రెండు మూడు చెంచాల పంచదార, సరిపడా నిమ్మరసం లేదా గోరువెచ్చని నీళ్లు పోసి గట్టి పెరుగులా కలిపి మూతపెట్టాలి. ఎండాకాలం తిరుపతి వేడికి నాలుగైదు గంటలు చాలు. చలికాలమైతే రాత్రంతా నానాలి. పైభాగం గోధుమరంగుకు తిరిగి లోపల పచ్చగా ఉంటే సిద్ధమైనట్టే. కొద్దిగా నీలగిరి తైలం కలిపితే రంగు ముదురుతుంది. గర్భిణులకు, పసిపిల్లలకు పెట్టేటప్పుడు మాత్రం ఆ తైలం వద్దు. పంచదార ఎందుకంటారా? ముద్ద ఎండి పొలుసులై రాలకుండా చేతికి అతుక్కుని ఉండటానికి.

పెట్టేముందు చేతికి నూనె ఉండకూడదు. పెట్టాక కనీసం ఆరు గంటలు ఉంచాలి. తీసేటప్పుడు కడగకూడదు. గీకి, పైన కొద్దిగా కొబ్బరినూనో నువ్వులనూనో రాయాలి. ఆ తర్వాత సగం రోజైనా చేతికి నీళ్లు తగలకూడదు. అంట్లు ఎవరు తోముతారన్నది ఇంట్లో తేల్చుకోవాల్సిన విషయం!

పెనం మీద లవంగాలు వేసి ఆ పొగకు చేతులు చూపించడం చాలా ఇళ్లలో ఉంది. అందులో మంత్రం ఏమీ లేదు. ముఖ్యంగా పనిచేసేది వేడే. చెయ్యి వెచ్చగా ఉంటే రంగు బాగా పడుతుంది. ఏసీ గదిలో చల్లటి చేతులకు పెడితే వెలవెలబోతుంది. అరచెయ్యి, అరికాలు బాగా పండటానికి కారణం అక్కడి పైపొర మందంగా ఉండటం. ముంజేతికి, వీపుకు అదే ముద్ద పెట్టినా అంత ఎరుపు రాదు. ఎర్రగా పండితే మంచి మొగుడొస్తాడని కదా సామెత... అరచేతులు వెచ్చగా ఉన్న పిల్లలకే మంచి మొగుళ్లు రావాలి మరి!

కోన్లు కొనేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటుంది. దేశంలో గోరింటాకు పొడికి పేరుపడ్డ ఊరు రాజస్థాన్‌లోని సోజత్. అక్కడి మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. ఎంత మంచి ఆకైనా సరే, ఒకసారి తడిపాక బయట ఉంచితే నాలుగైదు రోజుల్లో సత్తువ పోతుంది. అందుకే శుద్ధమైన కోన్లు చేసేవాళ్లు వాటిని ఫ్రీజర్‌లో పెట్టి అమ్ముతారు. మరి అంగడి ముందు ఎండలో నెలల తరబడి వేలాడే కోన్ ఎప్పుడు కోసినా చేతిని ఎర్రగా చేస్తోందంటే, ఆ చేస్తున్నది ఆకు కాదన్నమాట. 2024లో తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు హైదరాబాద్‌లో పట్టుకున్న కోన్ల సంగతి చూడండి. వాటిలో రంగునిస్తున్నది గోరింటాకు కాదు, పిక్రామిక్ యాసిడ్ అనే కృత్రిమ రంగని తేలింది.

నల్లటి తీగ

గోరింటాకు ఎన్నటికీ నల్లగా పండదు. నారింజ, ఎరుపు, ముదురు గోధుమ... అంతవరకే. అరగంటలో కాకినలుపు వచ్చిందంటే అందులో వేరే ఏదో కలిసిందని అర్థం. ఎక్కువగా కలిసేది పారాఫినైలిన్‌డయామిన్. ముద్దుగా పీపీడీ. తలకు వేసుకునే రంగుల్లో ఉండేదే ఇది. ఐరోపా దేశాల్లో తలరంగులో కూడా నూటికి రెండు పాళ్లు మించి ఉండకూడదని నిబంధన. చర్మానికి నేరుగా పూయడానికైతే అనుమతే లేదు. నల్ల గోరింటాకు పేరుతో అమ్మేవాటిలో మాత్రం అది అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్నట్టు పరీక్షల్లో బయటపడింది. అమెరికాలో చర్మ అలర్జీల నిపుణుల సంఘం 2006 సంవత్సరానికి ‘ఈ ఏటి అలర్జీ కారకం’గా ఎంచింది ఈ పీపీడీనే.

చంద్రగిరి అమ్మాయిది నిశ్చితార్థం ముచ్చట. శ్రావణంలో పెళ్లి. ఎరుపు అందరికీ ఉండేదే, నలుపైతే ఫొటోల్లో బాగా కనబడుతుందని బ్యూటీ పార్లర్‌లో చెప్పారు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. బ్రహ్మాండంగా ఉందన్నారు అందరూ. మూడోరోజు వరకూ ఏమీ లేదు. నాలుగోరోజు రాత్రి దురద. ఐదోరోజుకు ఎక్కడెక్కడ తీగ గీశారో అక్కడక్కడే చర్మం ఉబ్బింది. ఆకుకు ఆకు, మొగ్గకు మొగ్గ... నీటిపొక్కులతో బొమ్మ మొత్తం లేచి నిలబడింది. తిరుపతిలో చర్మవైద్యుడు చూసి అడిగిన మొదటి ప్రశ్న ‘కోన్ దాచి ఉంచారా?’ అని. రెండోది ‘చిన్నప్పుడు ఎప్పుడైనా నల్లది పెట్టించుకుందా?’ అని. పెట్టించుకుంది. ఎనిమిదో తరగతిలో, స్కూలు వార్షికోత్సవానికి. అప్పుడు ఏమీ కాలేదు.

అదే దీంతో వచ్చిన చిక్కు. మొదటిసారి చాలామందికి ఏమీ కాదు. కానీ ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఆ రసాయనాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. మళ్లీ తగిలినప్పుడు విరుచుకుపడుతుంది. ఒకసారి పడిన ఆ గుర్తు సాధారణంగా జీవితాంతం పోదు. పొక్కులు మానతాయి. మానినచోట తెల్లగానో నల్లగానో అదే తీగ ఆకారంలో మచ్చ నెలల తరబడి ఉండిపోవచ్చు. అంతటితో అయిపోలేదు. ఆ పిల్ల నలభై ఏళ్ల వయసులో నెరిసిన జుట్టుకు రంగు వేసుకుంటే ముఖం వాచిపోయే ప్రమాదం ఉంది. కొన్ని రకాల మత్తుమందులు, ముదురు రంగు బట్టల అద్దకాలు కూడా పడకపోవచ్చు.

మందులతో దురద తగ్గింది. మచ్చ మిగిలింది. పెళ్లి చీరకు మోచేతి దాకా చేతులున్న జాకెట్టు కుట్టించారు. పెళ్లివారు అడిగితే ఏం చెప్పాలని తల్లి రాత్రిళ్లు నిద్రపోలేదు. అమ్మాయే తిన్నగా అత్తగారికి ఫోన్ చేసి జరిగింది చెప్పేసింది. అవతలివాళ్లు ‘‘ముందు చెయ్యి సంగతి చూసుకోమ్మా’’ అన్నారట. అవ్వ మాత్రం మనవరాలి చెయ్యి నిమిరి ఒక్కటే మాటంది. ‘‘నాకు పొడిచినామె సూది చూపించి పొడిచింది. నీకు చూపించకుండా పొడిచినారే తల్లీ.’’

సందేహం ఉన్న కోన్ ఏదైనా చెవి వెనకో మోచేతి మడతలోనో చుక్కంత పెట్టి రెండు రోజులు ఆగి చూడటం మంచిది. అయితే నల్లటి కోన్‌కు ఆ పరీక్ష కూడా వద్దు. చుక్క కూడా పీపీడీయే కదా! ఆ రసాయనాన్ని తలరంగు రూపంలో ఇంట్లో ఉంచుకునేవాళ్లు పిల్లలకు అందని చోట పెట్టాలి. కడుపులోకి వెళ్తే గొంతు వాచి, కండరాలు, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

శుద్ధమైన గోరింటాకుకు ఇవేవీ లేవు. ఒక్క మినహాయింపు ఉంది. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న పిల్లలకు, ముఖ్యంగా పసికందులకు గోరింటాకు పెట్టకూడదు. లాసోన్ వల్ల వాళ్ల ఎర్రరక్తకణాలు చితికిపోయే ప్రమాదం ఉంది. పాపాయి చేతికి ముచ్చటగా చందమామ పెట్టాలనుకునే అమ్మమ్మలు కాస్త ఆగితే మేలు.

బబుల్‌గమ్ కాగితం నుంచి

స్టిక్కర్ టాటూల గొడవ ఇంత పెద్దది కాదు. బబుల్‌గమ్‌తో వచ్చిన బొమ్మకాగితాన్ని నాలుకతో తడిపి చేతికి అద్దుకున్న తరానికి దీని గురించి పాఠం చెప్పాలా! కాగితం మీద నీళ్లకు కరిగే జిగురుపొర, దానిమీద తిరగేసి అచ్చువేసిన బొమ్మ, ఆపైన అంటుకునే పొర. నీళ్లు తగలగానే కాగితం జారిపోతుంది, బొమ్మ చేతికి ఉండిపోతుంది. తిరగేసి అచ్చువేయడం వల్లే అక్షరాలు సరిగ్గా వస్తాయి.

నిలవాలంటే సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. నూనె, క్రీము ఉంటే అంటదు. రోమాలు ఎక్కువున్నచోట, మోకాలు మోచెయ్యి లాంటి మడతల్లో వేస్తే మర్నాటికే పగుళ్లు వస్తాయి. తడిగుడ్డ పెట్టి అరనిమిషం కదలకుండా అదిమి ఉంచాలి. ఆరాక పైన కాస్త పౌడర్ చల్లితే చెమటకు తట్టుకుంటుంది. మూడు నాలుగు రోజులు ఉంటుంది. వద్దనుకుంటే కొబ్బరినూనె రాసి ఐదు నిమిషాలాగి తుడిచేయడమే. ఇప్పుడు దక్షిణ అమెరికా అడవుల్లోని జెనిపా కాయ రసంతో చేసే జాగ్వా అని ఇంకొకటి వస్తోంది. అది గోరింటాకులాగే పైపొరను పట్టుకుని నీలినలుపుగా తేలుతుంది. నల్లగా ఉన్నా అందులో పీపీడీ అక్కర్లేదు. అయితే దానికీ అలర్జీలు ఉన్నాయి.

సైన్యంలోనో పోలీసుశాఖలోనో చేరాలని తెల్లవారుజామున మైదానాల్లో పరుగెత్తే పిల్లలకు ఈ స్టిక్కరే నేస్తం. సైన్యంలో శాశ్వతమైన పచ్చబొట్టును ముంజేతి లోపలివైపు, అరచేతి వెనకవైపు తప్ప ఒప్పుకోరు. గిరిజనులకు వాళ్ల ఆచారాన్ని బట్టి సడలింపు ఉంది. కేంద్ర సాయుధ బలగాలకు వేరే లెక్కలున్నాయి. సెల్యూట్ చేసే చేతి మీద ఉండకూడదు, ఎడమ ముంజేతి మీదైనా కొలత దాటకూడదు. అభిమాన హీరో పేరు మెడ మీద పొడిపించుకుని, రెండేళ్లు పరుగెత్తి, వైద్య పరీక్షలో ఇంటికొచ్చేస్తే ఆ హీరో వచ్చి ఉద్యోగం ఇవ్వడు కదా!

జాతర వేషం వేసే పిల్లలున్న ఇళ్లకు ఓ మాట. పాతదంతా మంచిదని, కొత్తదంతా చెడ్డదని గీత గీయడం కుదరదు. ఒకప్పుడు నాటకాలవాళ్లు ముఖానికి వాడిన పసుపుపచ్చ అర్దళం ఆర్సెనిక్ ఉన్న ఖనిజం. పసుపు, సున్నంతో చేసిన కుంకుమ వేరు, అంగట్లో దొరికే రంగు కలిపిన పొడి వేరు. నామంకొమ్ము, చందనం, వేపాకు మాత్రం పెద్దగా ఇబ్బంది పెట్టవు. బొగ్గుపొడిని బాగా జల్లించి, కళ్ల చుట్టూ వదిలి పూయాలి. గోడల రంగులు, వెండిరంగు ఎనామిల్ ఏ వేషానికైనా సరే ఒంటికి తగలనివ్వకూడదు. మే ఎండలో ఒళ్లంతా మూసేసిన రంగుతో గంటల తరబడి తిరిగే పిల్లాడికి మజ్జిగ, నీళ్లు ఇస్తూ ఉండాలి. చెమట బయటికి రాని ఒంటికి వడదెబ్బ త్వరగా తగులుతుంది.

ఒకవేళ ఏ రంగుకైనా చర్మం దురదపెట్టి ఎర్రబడిందంటే సబ్బుతో వెంటనే కడిగేయాలి. పొక్కులు చిదమకూడదు. పసుపు, సున్నం, టూత్‌పేస్ట్ ఏదీ పూయకూడదు. పైకి తగ్గినా వైద్యుడికి చూపించాలి. కోన్, డబ్బా, కవరు... ఏది వాడారో అది పారేయకుండా వెంట తీసుకెళ్లాలి. పీపీడీ పడదని ఒకసారి తేలిందా, ఆ మాట రాసిన చీటీని ఆసుపత్రి కాగితాలతో కలిపి బీరువాలో దాచుకోవాలి. చంద్రగిరి ఇంట్లో తల్లి అలా ఓ చీటీ రాసి, కూతురు అత్తారింటికి వెళ్లేటప్పుడు సారె పెట్టెలో చీరల మీద పెట్టింది.